ఊరుకాని వాళ్ళ ఇల్లు

పాత గిడ్డంగుల కథ – ఏడో భాగం

పోయిన వారం బందరు కోటలో ఆగాం. ఈ వారం ఆ బందరు నుంచే బయలుదేరిన ఒక మనిషి వెంట వెళ్దాం. అతని పేరు పీటర్ గిల్లిస్ వాన్ రావెస్టైన్, డచ్చి కంపెనీ ఉద్యోగి. 1615లో మచిలీపట్నం వదిలి, గోల్కొండ రాజ్యం దాటి, దక్కను నేలను అడ్డంగా కోసుకుంటూ పడమటి తీరాన ఉన్న సూరత్ చేరాడు. అతన్ని అంత దూరం నడిపించింది ఒక చనిపోయిన మనిషి వదిలిపోయిన సరుకు.

ఆ చనిపోయినవాడు డేవిడ్ వాన్ డైన్సెన్. సూరత్‌లో డచ్చివాళ్ళ తరఫున వ్యాపారం చూసేవాడు. అప్పటికి ఆ సముద్రం మీద పోర్చుగీసు వాళ్ళదే పెత్తనం. వాళ్ళు పెట్టిన బాధలు పడలేక 1607లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. అతను కొన్న సరుకు, రావలసిన బాకీలు పరాయి చేతుల్లో ఉండిపోయాయి. ఎనిమిదేళ్ళ తర్వాత వాటిని అడగడానికి బందరు నుంచి మనిషి వచ్చాడు. మరో రెండేళ్ళకు, 1617లో, ప్రయాణం అటునుంచి ఇటు జరిగింది. సూరత్‌కు దక్షిణాన రెండు డచ్చి ఓడలు ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలాయి. వాటి పెద్ద పీటర్ వాన్ డెన్ బ్రూకె వందమందికి పైగా నావికులను వెంటబెట్టుకుని నేలదారిన బందరు దాకా వచ్చాడు. తర్వాత టావెర్నియర్, తెవెనో అనే ఇద్దరు ఫ్రెంచి ప్రయాణికులు సూరత్ – గోల్కొండ – బందరు దారిని మజిలీలతో సహా రాసిపెట్టారు. తూర్పు తీరపు రేవుకూ పడమటి తీరపు రేవుకూ మధ్య ఆ రోజుల్లో ఇంత రాకపోకలు ఉండేవన్నది మనం మరిచిపోయాం.

నేను ఈ ధారావాహిక మొదలుపెట్టినప్పుడు సూరత్‌లో ఒక డచ్చి గిడ్డంగో, ఇంగ్లీషు గిడ్డంగో దొరుకుతుందనుకున్నాను. భారతదేశంలో ఇంగ్లీషు కంపెనీ మొదట గట్టిగా కాలూనిన ఊరు అది. 1612 చివర్లో, సూరత్ ఓడలు లంగరు వేసే సువాలి దగ్గర పోర్చుగీసు ఓడలను ఎదుర్కొని నిలిచాక, 1613లో జహంగీరు అనుమతితో సూరత్‌లో కోఠీ, అంటే వ్యాపారపు ఇల్లు, పెట్టింది. హైదరాబాద్‌లో మనం రోజూ పలికే కోఠీ కూడా ఈ మాటే. కానీ ఆ సూరత్ కోఠీ ఇవాళ లేదు. డచ్చివాళ్ళదీ లేదు, ఫ్రెంచివాళ్ళదీ లేదు. వాళ్ళవి సమాధులు మాత్రం మిగిలాయి. 1540లలో ఖుదావంద్ ఖాన్ తపతి ఒడ్డున కట్టిన కోట ఉంది. ఆ కోటకు కాస్త దూరంలో, ఊరి నడుమ, ఎవరి సొంత సరుకు కోసమూ కట్టని ఒక కట్టడం ఉంది. దాని పేరు మొఘల్ సరాయి. ఊరివాళ్ళ నోట అది ముగలీసరా. ఈ వారం కథ దానిదే.

ముందు సూరత్‌కు గదులతో ఎందుకంత పని పడిందో చెప్పుకోవాలి. అది తెలియకపోతే ఆ గోడలకు అర్థం ఉండదు.

పడమటి తీరంలో జ్యేష్ఠం నుంచి భాద్రపదం దాకా సముద్రం ఓడను రానివ్వదు. నైరుతి గాలి తగ్గాకే రేవు తెరుచుకుంటుంది. ఎర్రసముద్రం వైపు వెళ్ళే ఓడలు ఎండాకాలం ముదరకముందే బయలుదేరి, వానలు వెనకపట్టాక తిరిగి వచ్చేవి. అంటే ఏడాదిలో నాలుగు నెలలు సరుకు కదలదు. కదలని సరుకు తడవకూడదు, చెదలు పట్టకూడదు, దొంగల పాలు కాకూడదు. అహ్మదాబాద్ పక్కన సర్ఖేజ్ నుంచి వచ్చే నీలిమందు చెమ్మ తగిలితే చెడుతుంది. బరూచ్ బాఫ్తా బట్ట బూజు పడుతుంది. సురేకారం గాలిలో తేమను పీల్చుకుంటుంది. దీనికితోడు ఓడ దగ్గరికి సరుకు చేరడమే ఒక యాతన. తపతి నది నోట్లో ఇసుక మేటలు వేయడంతో పెద్ద ఓడలు ఊరి దాకా రాలేవు. అవి సువాలి దగ్గర లంగరు వేసేవి. అక్కడి నుంచి ఊళ్ళోకి, ఊళ్ళోంచి అక్కడికి ఎడ్లబండ్ల మీదా చిన్న పడవల మీదా మోత. వెళ్ళే సరుకు ఓడ కోసం, వచ్చిన సరుకు బండి కోసం కాచుకుని కూర్చోవాలి. సూరత్ ఐశ్వర్యమంతా ఆ కాచుకోవడంలో ఉంది. అందుకే అక్కడ వర్తకుడి ఇల్లంటే కింద సరుకు, పైన మనుషులు. ఇంగ్లీషు కోఠీ కూడా అలాగే ఉండేది, అదీ అద్దె ఇంట్లో.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఇంగ్లీషువాళ్ళు సరుకు గదిని గోడౌన్ అన్నారు. ఆ మాట మలయా భాషలోని గుదాంగ్ నుంచి వాళ్ళకు అందిందనీ, మలయాకు అది మన తీరం నుంచే వెళ్ళి ఉంటుందనీ నిఘంటుకారులు చెబుతారు. వాళ్ళు చూపించే మూలాలు తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు. బట్టల మూటతో పాటు ఓడెక్కి తూర్పు దీవులకు పోయిన మాట తెల్లవాళ్ళ నోట పడి గోడౌన్ అయి, ఉత్తరాదిలో గోదాము అయి, మళ్ళీ మన బజార్లకే తిరిగి వచ్చింది. మన ఊళ్ళో రైతు ఇవాళ ధాన్యం గోదాముకు తోలానంటే, తన సొంత మాటనే పరాయి వేషంలో పలుకుతున్నాడన్నమాట.

సొంత ఇల్లున్న వర్తకుడికి గది ఉంది. మరి లేనివాడికి? సూరత్‌కు అలాంటివాళ్ళే ఎక్కువ వచ్చేవారు. మక్కా యాత్రకు ఈ దేశం నుంచి ఓడెక్కే ముఖ్యమైన రేవు అదే. దానికి మక్కా ద్వారం అన్న పేరు అందుకే వచ్చింది. ఆగ్రా నుంచి, బీహారు నుంచి, మధ్య ఆసియా నుంచి నెలల తరబడి నడిచి వచ్చేవారు. ఓడ సిద్ధం కాకపోతే ఇంకో నెల. వాళ్ళలో చాలామంది దారి ఖర్చుకు నాలుగు మూటల సరుకు కూడా తెచ్చుకునేవారు. ఆ కాలంలో యాత్రకూ వ్యాపారానికీ మధ్య గీత లేదు. వాళ్ళకు కావలసింది తలదాచుకోవడానికి చోటు, మూట దాచుకోవడానికి తలుపున్న గది, పశువును కట్టేయడానికి వాకిలి, రాత్రి మూసే గేటు. ఈ నాలుగూ కలిస్తే సరాయి. మన సత్రానికి దగ్గరి చుట్టమే కానీ, సత్రంలో అన్నం ముందు, సరాయిలో తాళం ముందు.

1644లో ఈ సరాయి కట్టించినవాడు హకీకత్ ఖాన్. అసలు పేరు ఇషాక్ బేగ్ యజ్దీ. పేరులోనే ఊరుంది. ఇరాన్‌లోని యజ్ద్ పట్టు నేతకూ, ఎడారి దారిన సాగే బిడారులకూ పేరుపడ్డ ఊరు. సరాయి అంటే ఏమిటో ఆ ఊరివాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. అతను మొదట షాజహాన్ భార్య ముంతాజ్ మహల్ దగ్గర ఇంటి వ్యవహారాలు చూసేవాడు. ఆమె పోయాక కూతురు జహనారా దగ్గర అదే పని చేశాడు.

ఆ 1644 జహనారా జీవితంలో మామూలు ఏడాది కాదు. ఆ వసంతంలో ఒక రాత్రి దీపం తగిలి ఆమె బట్టలు అంటుకున్నాయి. ఒళ్ళంతా కాలింది. తండ్రి రాచకార్యాలు పక్కనపెట్టి కూతురి మంచం దగ్గరే కూర్చున్నాడు. నెలల తర్వాత ఆమె లేచి తిరిగింది. ఆ సంతోషంలో షాజహాన్ ఇచ్చిన కానుకల్లో సూరత్ రేవు రాబడి ఒకటి. అలా దేశంలోకెల్లా ధనం పండే రేవు ఒక స్త్రీ చేతికి వచ్చింది. ఆమె దాన్ని పేరుకు మాత్రం పెట్టుకోలేదు. సాహిబీ అనే సొంత ఓడ సూరత్ నుంచి నడిపింది. అందులో యాత్రికులూ సరుకూ కలిసే వెళ్ళేవారు. రేవు దక్కిన ఏటే, ఆమె కొలువులో పెరిగినవాడి పేరు మీద ఈ సరాయి నిలబడింది. అదే ఏట తూర్పు కొసన, ఢాకాలో షా షుజా కాలపు బడా కట్రా లేస్తోంది. అదీ బాటసారులు దిగే చోటే అయింది. ఆ పదేళ్ళలో మొఘలులు కట్టిన వాటిలో మనం తాజ్ మహల్ ఒక్కటే చూస్తాం. నాకైతే ఈ సరాయిలు కూడా అంతే ముఖ్యంగా తోస్తాయి.

కట్టడం చూడటానికి ఆర్భాటంగా ఉండదు. నాలుగు వైపులా గదుల వరస, నడుమ పెద్ద వాకిలి, ముందు ఎత్తైన కమాను గేటు. రాయీ, ఇటుకా, సున్నం. బయటి ప్రపంచం వైపు గోడ, లోపలి వాకిలి వైపు తలుపులు. సరాయి గుణం అందులోనే ఉంది. గేటు మూస్తే అదొక చిన్న కోట. లోపల ఎవరి గదికి వాళ్ళు యజమానులు, వాకిలి అందరిదీ.

అలాంటి గేటు విలువ సూరత్‌కు 1664 జనవరిలో తెలిసింది. 6వ తేదీ నుంచి 10వ తేదీ దాకా శివాజీ సైన్యం ఊళ్ళో ఉంది. మొఘల్ గవర్నరు ఇనాయత్ ఖాన్ కోటలోకి వెళ్ళి తలుపులు వేసుకున్నాడు. ఊరిని కాపాడేవాడు లేడు. అప్పట్లో ప్రపంచంలోనే పెద్ద ధనవంతుల్లో ఒకడని చెప్పుకునే జైన వర్తకుడు వీర్జీ వోరా ఇల్లు తవ్వి, దోచి, తగలబెట్టారు. ఇంగ్లీషు కోఠీ పక్కనే ఉన్న హాజీ జాహిద్ బేగ్ ఇంటి సరుకు గదులు పగిలాయి, పాదరసం పీపాలు నేలపాలయ్యాయి. ఇంగ్లీషు అధ్యక్షుడు జార్జి ఆక్సెండెన్ తన మనుషులకు తుపాకులిచ్చి కోఠీని నిలుపుకున్నాడు, డచ్చివాళ్ళూ నిలుపుకున్నారు. బెర్నియర్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ దాడి గురించి రాస్తూ ఒక సంగతి చెప్పాడు. డచ్చివాళ్ళకు దళారీగా ఉండి, అప్పటికే చనిపోయిన ఒక వర్తకుడి ఇంటిని శివాజీ ముట్టుకోనివ్వలేదట. బతికుండగా అతను గొప్ప దానశీలి అని విన్నాడట. ఊరంతా కాలుతున్నప్పుడు ఒక ఇంటిని దాని పాత మంచితనం కాపాడిందన్నమాట.

దాడి తర్వాత ఔరంగజేబు సూరత్ వర్తకులకు ఏడాది పాటు సుంకం మాఫీ చేశాడు. ఊరి చుట్టూ గోడ కట్టించాడు. అయినా 1670 అక్టోబరులో శివాజీ మళ్ళీ వచ్చాడు. ఈసారి సరాయిల పేర్లు చరిత్రలో స్పష్టంగా వినబడతాయి. పర్షియా, తురుష్క వర్తకులు దిగిన ఒక పెద్ద సరాయి ఆ మూడు రోజులూ లొంగలేదు. లోపలివాళ్ళు గోడల చాటు నుంచే దాడి చేసినవాళ్ళను దెబ్బతీశారు. ఇంగ్లీషు, ఫ్రెంచి ఇళ్ళ నడుమ ఉన్న తాతారు సరాయిలో రాజ్యం పోగొట్టుకున్న కష్గర్ రాజు అబ్దుల్లా ఖాన్ దిగి ఉన్నాడు. అప్పుడే మక్కా నుంచి తిరిగొచ్చాడు. పగలంతా పోరాడి, చీకటి పడ్డాక అతను కోటలోకి తప్పుకున్నాడు. అతని సంపదా, ఒక బంగారు మంచమూ దాడి చేసినవాళ్ళకు చిక్కాయి. సరాయి అంటే రాజూ పేదా ఒకే గేటు కింద నుంచి లోపలికి వచ్చే చోటని ఈ రాజు గారి కథ చెబుతుంది.

ఆ తర్వాతి వందేళ్ళ సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఈ గోడల దగ్గర ఆ వందేళ్ళలో ఊరు నెమ్మదిగా బక్కచిక్కడమే జరిగింది. 1687లో ఇంగ్లీషు కంపెనీ తన ప్రధాన స్థానాన్ని బొంబాయికి మార్చుకుంది. వర్తకులు ఒక్కొక్కరే ఆ దారి పట్టారు. 1759లో సూరత్ కోట, 1800లో ఊరి పాలన పూర్తిగా ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చాయి. 1837 ఏప్రిల్‌లో ఊళ్ళో నిప్పు లేచింది. సూరత్ ఇళ్ళలో కొయ్య ఎక్కువ. సన్నని సందుల్లో చెక్క చూరు నుంచి చెక్క చూరుకు మంట దూకుతూ పోయింది. రోజుల తరబడి కాలి, 9,000కు పైగా ఇళ్ళు బూడిదయ్యాయి. అదే ఏడు వానాకాలంలో తపతి పొంగింది. సూరత్ వర్తకుల పాత గదులు ఎందుకు కనబడవో అడిగేవాళ్ళకు ఈ ఒక్క ఏడాది సగం జవాబు.

బ్రిటిష్ ఏలుబడిలో ఈ సరాయిని కొంతకాలం జైలు చేశారు. ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. అదే వాకిలి, అవే గదుల వరసలు, అదే ఒక్క గేటు. బాటసారికి భరోసా ఇచ్చిన గోడ ఖైదీకి అడ్డుగోడ అయింది. మార్చవలసింది తాళం ఏ వైపున వేస్తారన్నదే. లోపలి మనిషి తన సరుకును కాపాడుకోవడానికి వేసుకునే గడియ ఒకప్పటిది, బయటి మనిషి లోపలివాణ్ణి కదలనివ్వకుండా వేసే తాళం తర్వాతిది.

సూరత్‌లో పురపాలక సంఘం 1852లో ఏర్పడింది. 1867లో అది ఈ సరాయిలోకి వచ్చింది. ఇక్కడ ఢిల్లీని ఒక్కసారి తలుచుకోవాలి. అక్కడ చాందినీ చౌక్‌లో జహనారా తన పేరు మీద ఒక గొప్ప సరాయి కట్టించింది. చూసిన విదేశీయులు దాన్ని ఎంతో పొగిడారు. 1857 తిరుగుబాటు అణిచాక బ్రిటిష్‌వాళ్ళు దాన్ని నేలమట్టం చేసి, 1860లలో ఆ స్థలంలోనే టౌన్‌హాలు కట్టారు. అదే ఢిల్లీ పురపాలక సంఘానికి నిలయమైంది. అదే దశాబ్దంలో, అదే రాకుమారికి చెందిన రేవులో, ఆమె మనిషి కట్టించిన సరాయిలోకి మరో పురపాలక సంఘం వచ్చి చేరింది. ఢిల్లీలో గోడలు పోయాయి, సూరత్‌లో బల్లలూ కుర్చీలూ మాత్రమే కొత్తవి. సూరత్ గోడలు దక్కడానికి వాటిపట్ల ఎవరికో ఉన్న భక్తి కారణమని నేననుకోను. అవి పనికొచ్చాయి, అంతే. బాటసారి వెళ్ళిపోతే ఖైదీ, ఖైదీ వెళ్ళిపోతే గుమాస్తా. కోఠీలు కట్టుకున్న కంపెనీలు లాభం తగ్గగానే తలుపులు వేసుకుని పోయాయి. వాటి గదులు కంపెనీతోనే బతికి, కంపెనీతోనే పోయాయి. ఎవరి సొంతమూ కాని గదులు ఊరికి మిగిలాయి.

ఈ గోడల మధ్య కూర్చుని ఊరిని నిలబెట్టినవాళ్ళలో ఒక తెలుగు పేరు ఉంది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చిందన్న వార్త ప్రపంచమంతా పాకింది. లక్షలమంది రైళ్ళకూ బస్సులకూ వేలాడుతూ ఊరు వదిలి పారిపోయారు. వానాకాలపు బురద, ఎత్తని చెత్త, పొంగే మురుగు – ఊరి పరువు వాటిలో కలిసింది. 1995లో నగరపాలక కమిషనరుగా వచ్చిన ఐ.ఏ.ఎస్. అధికారి సూర్యదేవర రామచంద్రరావు. గుజరాత్‌లో అందరికీ ఎస్.ఆర్. రావు. ఆయన చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఊరిని ఆరు మండలాలు చేసి, ఒక్కోదానికి ఒక్కో అధికారికి కమిషనరుతో సమానంగా నిర్ణయం తీసుకునే అధికారం ఇచ్చాడు. పెద్ద అధికారులంతా రోజూ పొద్దున్నే చల్లటి గదులు వదిలి వీధుల్లో తిరగాలన్నాడు, తానూ తిరిగాడు. ఆక్రమణలు తీయించేటప్పుడు పెద్దవాడని ఎవరినీ వదల్లేదు. రెండేళ్ళు తిరగకుండానే, ప్లేగు ఊరన్న పేరు మోసిన సూరత్ దేశంలో చండీగఢ్ తర్వాత పరిశుభ్రమైన నగరమనిపించుకుంది. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఊరుకాని వాళ్ళ కోసం కట్టిన ఇంట్లో ఊరుకానివాడొకడు కూర్చుని ఊరిని బాగుచేశాడని నేనంటే, గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోవద్దు. ఆ సరాయి పుట్టుకలోనే ఆ వీలుంది. కట్టించినవాడు యజ్ద్ నుంచి వచ్చినవాడు కదా.

ఇవాళ సూరత్‌కు వచ్చే బాటసారులు వేరు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి పద్మశాలీలు సాంచాల (మరమగ్గాల) పని వెతుక్కుంటూ తరతరాలుగా అక్కడికి వెళ్ళారు. లింబాయత్ వీధుల్లో నడిస్తే తెలంగాణ యాస చెవిన పడుతుంది. ఇంట్లో మగ్గం ఆగిపోతే బిడ్డలను చంకనేసుకుని రైలెక్కినవాళ్ళు వీళ్ళు. వాన్ రావెస్టైన్ నడిచిన దారి దాదాపు ఇదే, కాకపోతే వీళ్ళ సామాను వీళ్ళ చేతుల్లోనే ఉంది, నేత పని రూపంలో. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల్లో నడుస్తున్నాయి. మన రాష్ట్రాల్లోనే తెలుగు మాధ్యమం కోసం వాదించుకుంటున్న రోజుల్లో, తపతి ఒడ్డున ఒక గుజరాతీ నగరం తన ఖర్చుతో మన పిల్లలకు అ ఆలు దిద్దించడం చిన్న సంగతి కాదు. హకీకత్ ఖాన్ గదులు ఇచ్చాడు, ఆ గదుల్లో కొలువైన సంస్థ బడులు ఇచ్చింది.

నగరం పెరిగి ఈ ఇల్లు ఇరుకైంది. కొత్త పాలనా భవనానికి రింగ్ రోడ్డు దగ్గర చోటు చూశారు. అది పాత సబ్ జైలు ఉన్న స్థలం. ఒకప్పుడు జైలుగా ఉన్న ఇంట్లోంచి కార్యాలయం మరో జైలు నేల మీదికి వెళుతోంది. కాగితాలూ బీరువాలూ వెళ్ళిపోయాక, ముగలీసరాను ఏం చేయాలో సూరత్ వాళ్ళు తేల్చుకుంటారు. మ్యూజియం అంటే సులువుగా అందరూ ఒప్పుకుంటారు. నన్నడిగితే ఒక వరస గదులైనా పాత పనికే వదలమంటాను. రైలు దిగి, లింబాయత్‌లో ఇంకా అద్దె గది కుదరని కుటుంబం మూట దించుకుని, రెండు రాత్రులు నిద్రపోవడానికి.

(వచ్చే వారం: సూరత్ డచ్చి సమాధుల తోటలో, మలబారు మొక్కల మీద మహాగ్రంథం రాయించిన వాన్ రీడె దగ్గర)